గోళ్లు నల్లబడితే చేతులు దాచుకోకండి

కీమోథెరపీ మొదలుపెట్టే ముందు డాక్టరుగారు చెప్పే ఇబ్బందుల్లో జుట్టు రాలడం ఉంటుంది, వాంతులు ఉంటాయి, నోటిపూత ఉంటుంది. గోళ్ల మాట ఎక్కడో చివర వస్తుంది. వచ్చినా ఆ రోజు అది ఎవరి చెవికీ ఎక్కదు. క్యాన్సర్ అన్న మాట విన్న మనిషికి గోళ్ల మీద ధ్యాస ఎక్కడుంటుంది? తీరా రెండో డోసో మూడో డోసో అయ్యాక, ఒకనాడు అన్నం కలుపుకుంటుంటే బొటనవేలి గోరు చుర్రుమంటుంది. చూసుకుంటే గోరు నల్లబడి ఉంటుంది. లేదా చివర తెల్లగా పైకి లేచి, వేలి నుంచి విడిపోతున్నట్టు ఉంటుంది. భయం అక్కడ మొదలవుతుంది.

మా ఆసుపత్రి పాతబస్తీలో ఉంది. క్యాన్సర్ మందులు ఎక్కించేది ఇక్కడ కాదు. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మూసీ దాటి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికో, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రికో వెళ్లి మందు ఎక్కించుకుంటారు. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. ఇప్పటికీ బీదవారికి పెద్ద దిక్కు. ఒక డోసుకూ మరో డోసుకూ మధ్య ఉండే రోజుల్లో రక్తపరీక్షకో, జ్వరానికో, డ్రెస్సింగుకో ఇంటికి దగ్గర కనుక మా దగ్గరికి వస్తారు. అలా వచ్చినవారు కూడా గోళ్లు చూపించరు. చీరకొంగు కిందో, దుపట్టా మడతలోనో చేతులు దాచుకొని కూర్చుంటారు. బీపీ చూడడానికి సిస్టర్ చేయి చాపమన్నప్పుడు సంగతి బయటపడుతుంది.

ఎందుకు దాచావమ్మా అని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. "ఇది అంటుకుంటదని మా ఆడబిడ్డ నన్ను వంటింట్లకి రానిస్తలేదు సిస్టరమ్మా" అని ఒకరు. "ఎవరో ఏదో చేయించిన్రని మా అత్త అంటున్నది" అని ఇంకొకరు. "గోళ్లు ఊడిపోతున్నయని చెప్తే పెద్ద డాక్టరు మందు ఆపేస్తడేమో" అని భయపడేవారు కొందరు. "ఇగ ఈ మందు నాకొద్దు" అని తామే మానేసేవారు మరికొందరు. ఈ చివరి రెండు రకాలవారి కోసమే ముఖ్యంగా ఈ వ్యాసం రాస్తున్నాము. ఒకరు చెబితే మందు ఆగుతుందని దాస్తున్నారు, మరొకరు చెప్పకుండానే మందు ఆపేస్తున్నారు. ఇద్దరికీ నష్టమే.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కీమో వల్ల గోళ్లలో వచ్చే మార్పు అంటువ్యాధి కాదు. ఆ చేత్తో వండిన అన్నం తింటే ఎవరికీ ఏమీ కాదు. అది కుష్ఠు కాదు, చేతబడి కాదు. క్యాన్సర్ గోళ్లలోకి పాకిందని అర్థమూ కాదు. మందు చేసే పనిలోనే దానికి కారణం ఉంది.

గోరు పుట్టే చోటు

మనకు కనిపించే గోరు నిర్జీవమైనది. కత్తిరిస్తే నొప్పి లేకపోవడం అందుకే. ప్రాణమున్న భాగం గోటి మొదట్లో, చర్మం కింద దాగి ఉంటుంది. బొటనవేలి గోరు మొదట్లో నెలవంకలా తెల్లగా కనిపించేది ఆ భాగపు అంచే. అక్కడి కణాలు రాత్రింబవళ్లు విభజన చెందుతూ, గట్టిపడుతూ, గోరును ముందుకు తోస్తూ ఉంటాయి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలిగోరు అందులో మూడోవంతు, అంటే నెలకు 1 మిల్లీమీటరు.

కీమో మందులలో అధికభాగం వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాల గుణం అదే కనుక అవి చస్తాయి. అయితే వెంట్రుక మొదలు, నోటిలోపలి పొర, ఎముకల్లోని మూలుగ, గోరు మొదలు కూడా వేగంగా పనిచేసేవే. మందుకు తన పర తేడా తెలియదు. ఈ దారిలో తొలి అడుగులు వేసినవారిలో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, అక్కడి లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నాము. అది కణాలకు అందవలసిన ఫోలిక్ ఆమ్లాన్ని పని చేయనివ్వకుండా అడ్డుపడుతుంది. కొత్త కణం పుట్టడానికి అది కావాలి. క్యాన్సర్ కణానికీ కావాలి, గోటి కణానికీ కావాలి.

గోటి మీద గీతలు

కొందరి గోళ్ల మీద అడ్డంగా పల్లపు గీతలు వస్తాయి. వేలితో నిమిరితే చేతికి తగులుతాయి. మందు ఎక్కిన రోజుల్లో గోటి మొదలు పని మందగించి, మళ్లీ పుంజుకుంటుంది. ఆ మందగించిన కాలమే గీతగా మిగులుతుంది. 1846లో బో అనే ఫ్రెంచి వైద్యుడు వీటిని వివరించాడు కనుక వైద్యులు బో గీతలు అంటారు. కీమోకే కాదు, పెద్ద జ్వరం వచ్చి తగ్గినా ఇలాంటి గీత పడవచ్చు. మూడు వారాలకొక డోసు తీసుకునేవారి గోటి మీద గీతకూ గీతకూ మధ్య ఇంచుమించు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. కొందరి గోటి మీద ఎన్ని డోసులయ్యాయో లెక్కపెట్టవచ్చు కూడా. గీత పడిన వెంటనే కనిపించదు. చర్మం కింద నుంచి బయటికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి ఈ నెల కనిపించిన గీత పోయిన నెల సంగతి చెబుతుంది. ఈ గీతలకు ఏ పూతా అవసరం లేదు. గోరుతోపాటు ముందుకు జరిగి చివరకు కత్తెరకు పోతాయి.

నలుపు, గోధుమ రంగు చారలు కూడా అంతే. డోక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులతో ఇవి వస్తాయి. మనవంటి చామనఛాయ, నల్లని చర్మం గలవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. చూడడానికి భయంగా ఉన్నా నొప్పి ఉండదు, హాని లేదు. అయితే ఒకే ఒక్క వేలికి, కీమోకు ముందునుంచే, నల్ల చార ఉండి అది వెడల్పు అవుతుంటే మాత్రం దాన్ని మందు ఖాతాలో వేయకుండా డాక్టరుకు చూపించాలి.

నొప్పి పెట్టే గోళ్లు వేరు. రొమ్ము క్యాన్సర్‌కు, మరికొన్నింటికి వాడే పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ అనే మందులు ఇందులో పేరుమోసినవి. రెండూ యూ అనే చెట్టు నుంచి పుట్టినవే. వీటితో గోరు కింద రక్తం గూడుకట్టడం, గోరు చివరనుంచి లేవడం, లేచిన సందులో నీరో చీమో చేరడం జరుగుతుంది. డోసులు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. అందుకే మొదటి రెండు డోసులకు బాగున్న గోళ్లు నాలుగో డోసుకు పాడవుతాయి. "అప్పుడు కానిది ఇప్పుడెందుకైంది" అని అనుమానపడవలసిన పని లేదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇచ్చే జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మాత్రల దారి ఇంకొకటి. ఇవి గోరును కాక దాని చుట్టూ ఉన్న చర్మాన్ని పీడిస్తాయి. వాడడం మొదలుపెట్టిన కొన్ని వారాలకు, ముఖ్యంగా కాలి బొటనవేలికి, గోరుచుట్టు లేస్తుంది. ఒక్కోసారి పక్కన ఎర్రటి మాంసపు మొలక వచ్చి తగిలితే చాలు రక్తం కారుతుంది. మాత్రలే కదా, కీమో కాదు కదా అని వీరు ఈ బాధను మందుతో ముడిపెట్టుకోరు. కాలికి ఏదో గుచ్చుకుందనుకుంటారు.

కాలేయం, మూత్రపిండాల క్యాన్సర్‌లకు వాడే సొరాఫెనిబ్ అనే మాత్రకు మన హైదరాబాదుతో చుట్టరికం ఉంది. నెలకు రెండు లక్షల ఎనభై వేల రూపాయలు ఉన్న ఈ మందును 8,800 రూపాయలకు అందించేందుకు 2012 మార్చిలో ఇక్కడి నాట్కో కంపెనీకి ప్రభుత్వం లైసెన్సు ఇచ్చింది. ఒక మందుపై పేటెంటు ఉండగా మరొకరికి ఇలా తప్పనిసరి లైసెన్సు ఇవ్వడం మన దేశంలో అదే మొదలు. ఈ మాత్ర వాడేవారి గోళ్ల కింద నిలువుగా, చీపురుపుల్ల ముక్క గుచ్చుకున్నట్టు సన్నని ఎర్రటి గీతలు రావచ్చు. అవి చిన్న రక్తనాళాలు చిట్లిన గుర్తులు. సాధారణంగా నొప్పి ఉండదు. అరచేతులు, అరికాళ్లు మండి బొబ్బలెక్కితే మాత్రం వెంటనే చెప్పాలి.

గోరింటాకు సంగతి

ఆషాఢం వస్తే మన ఆడవారికి గోరింటాకు పెట్టుకోవాలనిపిస్తుంది. రంజాన్ నెల చివర చార్మినార్ దగ్గర మెహందీ పెట్టించుకునేవారితో కాలు పెట్టే చోటుండదు. పెళ్ళయితే ఏ మతం వారింట్లోనైనా సరే. జుట్టు పోయి, బరువు తగ్గి, అద్దం చూసుకోవడం మానేసిన తల్లి చేతులు ఎర్రగా పండించుకుందామనుకుంటే మేము కాదనలేము. నిజానికి నల్లబడిన గోళ్లను కప్పిపుచ్చడానికే కొందరు పెట్టుకుంటున్నారు. ఒక ఆషాఢంలో మా దగ్గరికి జ్వరంతో వచ్చిన ఒకామె పది గోళ్లూ చక్కగా ఎర్రబడి ఉన్నాయి. చూపుడువేలు పట్టుకున్నప్పుడు ఆమె కెవ్వున అరిస్తే గానీ ఆ ఎరుపు కింద చీము ఉన్నట్టు ఎవరికీ తెలియలేదు.

చర్మం మీది గోరింటాకు రంగు రెండు మూడు వారాల్లో పోతుంది. గోటి మీది రంగు గోరు పెరిగి కత్తిరించేదాకా పోదు, నెలలు పడుతుంది. అన్ని నెలలు డాక్టరుకూ, సిస్టర్‌కూ మీ గోరు కింద ఏముందో కనిపించదు. వేలికి క్లిప్పు తగిలించి ఆక్సిజన్ చూసే పరికరం కూడా ముదురు రంగు గోళ్ల మీద సరిగా చూపకపోవచ్చు. గోళ్ల రంగుకూ ఇదే వర్తిస్తుంది. దాన్ని తీసే అసిటోన్ ద్రవం పెళుసు గోళ్లను మరింత ఎండబెడుతుంది కూడా.

కనుక మా సలహా ఇది. చికిత్స జరిగినంతకాలం గోళ్లను వదిలేయండి. అరచేతిలో పెట్టుకోవాలనిపిస్తే, చర్మం పగుళ్లు, మంట, పుండు లేకపోతే, మీ డాక్టరును ఒక మాట అడిగి ఇంటి దగ్గర చెట్టు ఆకు రుబ్బి పెట్టుకోండి. నిమిషాల్లో నల్లగా పండే కోన్లు వద్దు. అసలు గోరింటాకు నారింజ, ఎరుపు రంగుల్లోనే పండుతుంది, అదీ గంటలు ఉంచితే. నలుపు కోసం కలిపే రసాయనం, జుట్టు రంగుల్లో వాడేదే, చర్మం మీద బొబ్బలు లేపగలదు. కీమోతో బలహీనపడిన చర్మానికి ఆ పరీక్ష అక్కర్లేదు. గోరింటాకు కీమో వల్ల వచ్చే అరచేతి మంటలను తగ్గిస్తుందని 2008లో టర్కీ వైద్యులు కొద్దిమంది రోగుల గురించి రాశారు. అంత చిన్న లెక్కను నమ్ముకొని మందుగా వాడమని మేము చెప్పము.

గోరుచుట్టు వస్తే

గోరుచుట్టుపై రోకటిపోటు అన్న సామెత మనకు ఊరికే రాలేదు. మామూలు రోజుల్లోనే అది ప్రాణం తీస్తుంది. కీమో మధ్యలో వస్తే నొప్పి ఒక్కటే సమస్య కాదు. మందు ఎక్కిన తరువాత ఇంచుమించు 7 నుంచి 14 రోజుల మధ్య చాలామందికి రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి. సూక్ష్మక్రిములతో పోరాడేవి అవే. ఆ రోజుల్లో గోటి సందులోని చిన్న చీము రక్తంలోకి చేరితే గంటల్లో మనిషి పరిస్థితి మారిపోవచ్చు. తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు చీము కూడా సరిగా పట్టదు. వేలు కాస్త ఎర్రగా, వెచ్చగా, సలుపుతూ మాత్రమే ఉండవచ్చు. "చీము లేదుగా" అని ధైర్యంగా కూర్చోకండి.

ఇంట్లో థర్మామీటరు ఉంచుకోండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, తాకితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి రావలసిందే. పారాసిటమాల్ వేసుకొని తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. అది జ్వరాన్ని కప్పిపెడుతుంది గానీ క్రిమిని చంపదు. రాగానే "కీమోలో ఉన్నాను, ఫలానా తేదీన డోసు అయింది" అన్న మాట ముందు చెప్పండి. ఆ ఒక్క మాటతో క్యాజువాలిటీలో మిమ్మల్ని చూసే తీరు మారుతుంది.

వేలికి నిమ్మకాయ తొడగడం మన పెద్దల వైద్యం. పసుపు, సున్నం కలిపి పట్టు వేయడం ఇంకొకటి. ఆరోగ్యవంతుల గోరుచుట్టు సంగతి మేము మాట్లాడడం లేదు. కీమోలో ఉన్నవారికి మాత్రం ఇవి వద్దు. నిమ్మపులుసు, సున్నం పగిలిన చర్మాన్ని కాలుస్తాయి. వేలు మొత్తాన్ని తడిగా మూసి ఉంచితే క్రిములకు అంతకన్నా సుఖమేముంది? అన్నిటికన్నా పెద్ద నష్టం, నిమ్మకాయ మీద నమ్మకంతో రెండు రోజులు గడిచిపోతాయి.

ఇంకొకటి, మెడికల్ షాపులో గోరు చూపించి మందు అడగడం. రంగు మారి లేచిన గోరును చూసి ఫంగస్ అనుకొని మాత్రలు ఇచ్చేస్తారు. కీమో గోరు ఫంగస్ గోరులాగే కనిపిస్తుంది. తప్పుపట్టవలసింది కూడా లేదు. కానీ ఫంగస్ మాత్రల్లో కొన్ని, ఉదాహరణకు ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్, డోసిటాక్సెల్ వంటి మందులు శరీరం నుంచి బయటికి పోవడాన్ని ఆలస్యం చేస్తాయి. అప్పుడు ఒక డోసు తీసుకున్నా ఎక్కువ డోసు తీసుకున్నట్టు అవుతుంది. గోళ్లు బలపడతాయని అమ్మే బయోటిన్ మాత్రలతో కీమో గోళ్లు బాగవుతాయనడానికి ఆధారం లేదు, పైగా అవి థైరాయిడ్ వంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తాయి.

మధుమేహం ఉన్నవారికి ఇంకా జాగ్రత్త కావాలి. పాక్లిటాక్సెల్ వంటి మందుల వల్ల కాళ్లలో స్పర్శ తగ్గుతుంది. షుగరు వల్ల అప్పటికే తగ్గి ఉంటుంది. రెండూ కలిస్తే బూటులో రాయి ఉన్నా తెలియదు, గోరు విరిగినా తెలియదు. వీరు రోజూ రాత్రి పడుకోబోయే ముందు పాదాలు వెలుతురులో చూసుకోవాలి. వంగలేకపోతే ఇంట్లో పిల్లల చేత చూపించుకోవాలి.

ఇంటి పని, వీధి నడక

గోళ్లు పొట్టిగా, అడ్డంగా తిన్నగా కత్తిరించుకోవాలి. మూలలు తవ్వకూడదు. మొదట్లో ఉండే పలుచని చర్మాన్ని వెనక్కి నెట్టడం, కత్తిరించడం వద్దు. క్రిములు లోపలికి పోకుండా కాపలా కాసేది అదే. గోరు లేచిపోతుంటే పీకవద్దు. లేచినంతమేరకు జాగ్రత్తగా కత్తిరించి, మిగిలినదాన్ని మెత్తని ప్లాస్టరుతో పట్టి ఉంచితే కింద ఉన్న పచ్చి చర్మానికి అదే కవచం. గోరు కింద రక్తం గూడుకట్టి భరించలేని నొప్పి ఉంటే, డాక్టరు చిన్న రంధ్రం చేసి బయటికి తీస్తారు. ఇంట్లో సూది కాల్చి గుచ్చే సాహసం చేయకండి.

అంట్లు తోమడం, బట్టలు ఉతకడం వీలైతే మరొకరికి అప్పగించండి. వీలుకాదని మాకు తెలుసు. అలాంటప్పుడు లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకోండి. రబ్బరు ఒక్కటే అయితే లోపల చెమట పట్టి వేళ్లు నానిపోతాయి. చింతపండు పిసకడం, పచ్చిమిరపకాయలు తరగడం, వెల్లుల్లి గోటితో వలవడం కొన్నాళ్లు మానండి. అన్నం చేత్తో తినేవాళ్లం కనుక గోటి సందుల్లో పులుసు, నూనె చేరుతాయి. తిన్నాక గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ల మధ్య పొడిగా తుడిచి, కాస్త కొబ్బరినూనెగానీ వాజలిన్‌గానీ గోటి చుట్టూ రాయండి. గోరు లేచిన సందులోకి మాత్రం నూనె పోయనివ్వకండి, అక్కడ పొడిగా ఉండాలి.

పాతబస్తీ ఇళ్లల్లో మగ్గం మీద జరీ, జర్దోజీ పని చేసే ఆడవారు ఎందరో. వారి కూలి వేళ్ల మీదే. అలా పనిచేసే ఒకామె లేచిన బొటనవేలి గోరుకు జరీ దారం చిక్కుకొని సగం గోరు ఊడి వచ్చింది. ఆమెకు మేము పని మానమని చెప్పలేదు. మానితే ఇల్లు గడవదు. వేళ్ల చివరలకు మెత్తని గుడ్డ ప్లాస్టరు చుట్టుకొని, గంటకొకసారి చేతికి విశ్రాంతి ఇస్తూ, మందు ఎక్కిన వారంలో మాత్రం బరువైన పని ఒప్పుకోకుండా నెట్టుకొచ్చారు. కుట్టుమిషను, గాజుల పని, వంటపని చేసేవారికి కూడా ఈ ప్లాస్టరు పనికొస్తుంది. రోజూ మార్చాలి. తడిస్తే వెంటనే తీసేయాలి.

కాలికి ముందు భాగం వెడల్పుగా ఉన్న మెత్తని బూట్లు, నూలు సాక్సులు మంచివి. బొటనవేలు బిగపట్టే చెప్పులు గోరును రోజంతా నొక్కుతాయి. మా సంఘ కుటుంబాలకు ప్రత్యేకించి ఒక మాట. ఆరాధనకు వచ్చినప్పుడు గుమ్మం బయట చెప్పులు విడిచి చాప మీద కూర్చోవడం మన అలవాటు. కీమోలో ఉన్నవారు శుభ్రమైన సాక్సులు వేసుకొని రావచ్చు, వెనక కుర్చీలో కూర్చోవచ్చు. అది అమర్యాద అని ఎవరూ అనుకోనక్కర్లేదు. వారి కాలు తొక్కకుండా పక్కవారు కాస్త చోటిస్తే చాలు.

చల్లని తొడుగులు

గోళ్లు పాడవకుండా ముందే ఆపే ఉపాయం ఏదైనా ఉందా అని అడుగుతుంటారు. డోసిటాక్సెల్ విషయంలో ఒకటి ఉంది. మందు ఎక్కుతున్నప్పుడు చేతులు చల్లగా ఉంచితే అక్కడి రక్తనాళాలు ముడుచుకొని, గోటి మొదలుకు చేరే మందు తగ్గుతుంది. 2005లో ఫ్రాన్సు వైద్యులు 45 మంది రోగుల మీద దీన్ని పరీక్షించారు. ఒక చేతికి చల్లని జెల్ తొడుగు వేశారు, రెండో చేతిని మామూలుగా వదిలేశారు. మందుకు 15 నిమిషాల ముందు మొదలుపెట్టి, ఎక్కే గంటసేపూ, తరువాత మరో 15 నిమిషాలూ తొడుగు ఉంచారు. తొడుగు లేని చేతిలో 51 శాతం మందికి గోళ్లు పాడయ్యాయి. తొడుగు వేసిన చేతిలో 11 శాతం మందికే.

ఈ తొడుగులు అన్నిచోట్లా ఉండవు. మీ కీమో వార్డు సిస్టర్‌ను అడగండి. వారు ఒప్పుకుంటే గుడ్డ చుట్టిన ఐసు ప్యాకులు పట్టుకెళ్లవచ్చు. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. చలికి వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు ఉన్నవారికి ఇది పనికిరాదు. స్పర్శ బాగా తగ్గినవారు డాక్టరును అడగకుండా చేయకూడదు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవారు చల్లని వస్తువుల జోలికే పోకూడదు, ఆ మందుతో చలి తగిలితే చేతుల్లో, గొంతులో సూదులు గుచ్చినట్టవుతుంది. పక్క మంచం రోగి చేస్తున్నారని మీరు చేయడం అందుకే మంచిది కాదు.

వేలిముద్ర పడకపోతే

కేపసిటాబిన్ మాత్రలు అరచేతులను, అరికాళ్లను ఎర్రబరిచి, పొట్టు రాలుస్తాయి. కొందరికి వేలిగీతలు అరిగిపోతాయి. ఈ మాత్రలు వాడుతున్న 62 ఏళ్ల సింగపూరు పెద్దాయన ఒకరిని 2008 డిసెంబరులో అమెరికా విమానాశ్రయంలో వేలిముద్రలు పడలేదని నాలుగు గంటలు ఆపివేశారు. ఆయన డాక్టరు ఆ సంగతిని 2009లో వైద్యపత్రికకు రాశారు. మన వాళ్లకు అమెరికా అక్కర్లేదు. రేషన్ షాపులో యంత్రం మీద వేలు పెట్టి నిలబడ్డప్పుడు ఇదే ఇబ్బంది. ఆధార్‌లో వేలిముద్రలతోపాటు కంటిపాపలూ నమోదై ఉంటాయి. కంటిపాప ద్వారాగానీ, ఫోనుకు వచ్చే ఓటీపీ ద్వారాగానీ వీలవుతుందేమో అడగండి. మందు వల్ల ఇలా అయిందని మీ క్యాన్సర్ డాక్టరు దగ్గర ఒక చీటీ రాయించుకొని దగ్గర ఉంచుకోండి. అదే కార్డులో పేరున్న ఇంట్లోవారిని పంపడం అన్నిటికన్నా తేలిక.

డాక్టరుకు చెబితే ఏమవుతుంది

చెబితే మందు ఆపేస్తారని భయపడేవారికి జవాబు. చాలాసార్లు ఏమీ ఆపరు. పూత మందో, క్రిములను చంపే మాత్రలో ఇస్తారు. చీము ఉంటే పరీక్షకు పంపుతారు. నొప్పి ఎక్కువగా ఉంటే డోసు ఒక వారం వెనక్కి జరపవచ్చు, కాస్త తగ్గించవచ్చు, లేదా అదే పని చేసే మరో మందుకు మార్చవచ్చు. ఈ లెక్కలు వారికి తెలుసు. మీ అంతట మీరు రెండు డోసులు ఎగ్గొడితే ఆ లెక్క మొత్తం తప్పుతుంది. గోరు మళ్లీ వస్తుంది, వదిలేసిన డోసు వల్ల పెరిగిన గడ్డను వెనక్కి తేవడం అంత తేలిక కాదు.

చివరి డోసు తరువాత చేతిగోళ్లు పూర్తిగా కొత్తవి రావడానికి ఇంచుమించు ఆరు నెలలు పడుతుంది. కాలి బొటనవేలికి ఏడాది నుంచి ఏడాదిన్నర. మొదట వచ్చే గోరు పలుచగా, గరుకుగా, ఒక్కోసారి వంకరగా ఉంటుంది. దాన్ని చూసి జబ్బు తిరిగి వచ్చిందనుకోకండి. అరుదుగా ఒకటి రెండు గోళ్లు మునుపటిలా రాకపోవచ్చు.

ఈసారి డ్రెస్సింగుకో, రక్తపరీక్షకో మా దగ్గరికి వచ్చేటప్పుడు క్యాన్సర్ ఆసుపత్రి వారి మందుల చీటీ తెచ్చుకోండి. ఏ మందు, ఏ తేదీన ఎక్కిందో అందులో ఉంటుంది. కాళ్లకు సాక్సులుంటే విప్పి, చేతులు రెండూ బల్ల మీద పెట్టండి. మా సిస్టర్లు పది వేళ్లూ, పది కాలివేళ్లూ చూసి గానీ మిమ్మల్ని పంపరు.